ఉరిమినప్పుడల్లా పోయే సముద్రం

ఊరికే చేసే పనితో పెద్ద చిక్కేమిటంటే, మానెయ్యాలనిపించినప్పుడు రాజీనామా ఎవరి చేతికివ్వాలో తెలియదు. జీతమిచ్చేవాడుంటే వాడి బల్ల మీద కాగితం పడేసి చక్కా రావచ్చు. నేను మానేస్తే ఎందుకని అడిగేవాడు లేడు, మానొద్దని బతిమాలేవాడూ లేడు. పొద్దున లేచి చూసేసరికి మాత్రం ఎవడో ఒకడు "నా కంప్యూటర్లో ఇది పనిచెయ్యడం లేదు" అని రాసే ఉంటాడు.

నా పేరు మాధవీలత. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అది పొట్టకోసం. రెండో పని ఒకటుంది, దానికీ పొట్టకీ సంబంధం లేదు. పడవల మీద సరుకు వేసుకుని దీవి నుంచి దీవికి తిరుగుతూ బేరాలు చేసే ఆట ఒకటి ఉండేది. దేశదేశాల వాళ్లు ఆడేవాళ్లు. లాభం తగ్గాక దాని కంపెనీ సర్వర్లు ఆపేసింది. సర్వరంటే ఆడేవాళ్లందరూ వచ్చి కలుసుకునే చోటు. అది లేకపోతే ఎవరి పడవ వాళ్ల ఫోన్లోనే కట్టేసి ఉండిపోతుంది. అప్పుడు సుధన్వ అని, నా దగ్గర చదువుకుని బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు, ఆ సర్వర్‌ని సొంతంగా మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. రాసింది రాసినట్టు లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఎవరైనా తీసుకెళ్లి తమ కంప్యూటర్లో పెట్టుకుని, తమ సముద్రం తామే నడుపుకోవచ్చు. దానికి 'లంగరు' అని పేరు పెట్టాడు. "కాస్త సాయం పట్టండి మేడమ్" అన్నాడు, సరేనన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేవాడు మా నాన్న. నేను అడుసు తొక్కడమే కాదు, అందులోనే కాపురం పెట్టాను.

మనుషులందరూ ఒకే రకం యంత్రం వాడితే ఈ కథే ఉండేది కాదు. ఆడేవాళ్లలో కొందరు ఫోన్లోంచి వస్తారు, కొందరు కంప్యూటర్లోంచి వస్తారు. సర్వర్ నడిపేవాళ్లలో కొందరి కంప్యూటర్లని నడిపించే మూల ప్రోగ్రాము లినక్స్, కొందరిది విండోస్. ఎవరు ఎటునుంచి వచ్చినా అందరి కాళ్లకూ ఒకే నీళ్లు తగలాలి. చెప్పడానికి బాగుంటుంది. చెయ్యడానికి కూర్చుంటే ఒక్కో యంత్రానిదీ ఒక్కో మర్యాద. ఒకదానికి ముద్దొచ్చింది ఇంకోదానికి మంట.

లినక్స్ సంగతి చూడ్డానికి మాలో బోలెడుమంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలావరకు అదే వాడతారు. విండోస్ సంగతి చూడ్డానికి నేనొక్కదాన్ని. మా కాలేజీ ల్యాబులో ఉన్నది అదే కాబట్టి, నాకు అలవాటు కాబట్టి, మొదట్లో ఎవరూ లేకపోతే "నేను చూస్తాలే" అన్నాను కాబట్టి. ఆ "చూస్తాలే" అన్నమాటకి ఏళ్లు వచ్చాయి. లినక్స్ వాళ్లు కొత్త సొగసు ఒకటి పెట్టినప్పుడల్లా విండోస్‌లో ఏదో ఒకటి విరుగుతుంది. విరిగినప్పుడల్లా తిట్లు నాకు. తిట్టేవాళ్లలో ఒక్కడూ పైసా ఇచ్చినవాడు కాదు, ఒక్క వాక్యం రాసిపెట్టినవాడు కాదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

ఈ వేసవిలో నాకు విసుగు పుట్టింది. విసుగు అనడం కూడా గొప్పే, విసుక్కోవడానికైనా ఓపికుండాలి. జూన్ మొదట్లో సుధన్వకి రాశాను: "వచ్చే విడుదల నుంచి విండోస్ వదిలేద్దాం. నా వల్ల కాదు." వాడు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీరు లేకపోతే అది ఎలాగూ నడవదండీ. వదిలేద్దాం. పద్ధతి ప్రకారం అందరికీ చెప్పి రెండు వారాలు ఆగుదాం. ఎవరైనా అడ్డు చెబితే వాళ్లే చూసుకోవాలి, అంతే."

మా దగ్గర రూలు అది. వద్దని అన్నవాడే ఆ బరువు మొయ్యాలి. అందుకే మా దగ్గర ఎవరూ ఎప్పుడూ దేనికీ వద్దనరు.

ప్రకటన నేనే రాసిపెట్టాను. ఇన్నాళ్ల ఆదరణకు కృతజ్ఞతలు, అసౌకర్యానికి చింతిస్తున్నాం. బస్టాండు మైకులో వినబడే మాటల్లాంటివి. పంపేముందు పెండింగులో ఉన్న ఫిర్యాదులన్నీ ఒకసారి చూసి మూసేద్దామని కూర్చున్నాను. చాలావరకు ఒక్క దెబ్బతో మూసేశాను. ఒకటి మిగిలింది.

అది 'బందరు సరంగు' అనే పేరుతో వచ్చేది. బందరంటే మచిలీపట్నం, మాకు గంట దూరం. ఇంగ్లీషులో దరఖాస్తు రాసినట్టు రాసేవాడు. 'గౌరవనీయులైన సార్, మబ్బు పట్టిన రోజున మా సముద్రం మొత్తం మాయమవుతున్నది. దయచేసి తగు చర్య తీసుకోగలరు.' మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. సర్వర్‌ని సరిగ్గా ఆపండి, కరెంటు తీసెయ్యకండి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. కృతజ్ఞతలు చెప్పాడు. ఇంకో నెలకి మళ్లీ. 'గౌరవనీయులైన సార్, మరల పోయినది. మా పాప పడవ కూడా పోయినది.' మళ్లీ అదే ముక్క రాశాను. మళ్లీ కృతజ్ఞతలు. తిట్టేవాళ్లను మూసెయ్యడం తేలిక. థాంక్స్ చెప్పేవాణ్ణి మూసెయ్యాలంటే చెయ్యి రాలేదు, అదే నా ఖర్మ.

సరే, ఈ ఒక్కడికీ న్యాయం చేసి చేతులు దులుపుకుందాం అనుకున్నాను. ఇతని కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ వేసేస్తే ఇతని సముద్రం ఇతనికుంటుంది, నా మనసులో ములుకూ పోతుంది. చిరునామా అడిగాను. కోనేరు సెంటరు దగ్గర ఆలియా గ్రాఫిక్స్, అన్నాడు. శనివారం కాలేజీ మధ్యాహ్నానికే అయిపోతుంది. పెన్‌డ్రైవులో లినక్స్ వేసుకుని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, బందరు బస్సెక్కాను. గుడ్లవల్లేరు, కవుతరం దాటేవరకు నిద్రపోయాను. పెడన దగ్గర లేచేసరికి తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది.

ఆలియా గ్రాఫిక్స్ ఇంటి ముందు గదిలో పెట్టిన కొట్టు. గోడల నిండా పెళ్లి కార్డులు, నిఖా కార్డులు, ఓణీల ఫంక్షన్ల ఫ్లెక్సీ నమూనాలు. కంప్యూటర్ ముందున్నాయన నలభైల్లో ఉంటాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మాధవీలత అంటే మీరాండీ? నేను ఇన్నాళ్లూ సార్ అని రాశానండీ. ఏమీ అనుకోకండి."

"మీ పేరు?"

"జమీరండి. కూర్చోండి మేడం. అమ్మీ, గుడివాడ నుంచి మేడం వచ్చారు, టీ పెట్టు!"

లోపల్నుంచి వాళ్లమ్మ తొంగి చూసింది. ఆమినా బీ. పెద్దావిడ. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎండన పడి వచ్చావా తల్లీ, ముందు మంచినీళ్లు తాగు" అని చెంబు తెచ్చి ఇచ్చింది.

నేను సూటిగా విషయంలోకి వచ్చాను. విండోస్ తీసేద్దాం, ఇది వేసుకోండి, సముద్రం ఎక్కడికీ పోదు అన్నాను. జమీర్ పెన్‌డ్రైవు వంక చూసి, కంప్యూటర్ వెనక గుచ్చి ఉన్న చిన్న ముక్క చూపించాడు.

"కార్డులు కట్టే తెలుగు సాఫ్టువేరు తాళమండీ ఇది. ఈ పాత విండోస్‌లో తప్ప నడవదు. అది పోతే కొట్టు మూసుకోవాలి. రెండు కంప్యూటర్లు కొనే పరిస్థితి లేదండీ."

పెన్‌డ్రైవు మళ్లీ సంచిలో వేసుకున్నాను. టీ తాగి వెళ్లిపోదాం అనుకున్నాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా బతుకు. వచ్చినందుకు ఒక మాట అడగాలి గనక అడిగాను.

"ఇంతకీ ఈ ఆట మీరెందుకు పెట్టుకున్నారు? కొట్టుకి కుర్రాళ్లొచ్చి ఆడతారా?"

"లేదండీ. ఇద్దరమే ఆడతాం. నేనూ, మా పాపా."

"పాప స్కూల్నుంచి వచ్చే టైమయిందా?"

జమీర్ కాసేపు మౌస్‌ని అటూ ఇటూ జరిపాడు.

"ఆలియా ఇక్కడుండదండీ. మేం విడిపోయాం. పాప వాళ్లమ్మ దగ్గర, నాగాయలంకలో. తప్పు వాళ్లమ్మది కాదు లెండి, ఇద్దరిదీను. నెలకోసారి వెళ్లి చూసొస్తాను. ఫోను చేస్తే 'తిన్నావా', 'తిన్నా', 'చదువుతున్నావా', 'ఆఁ' అంతేనండీ. తర్వాత దానికీ మాట ఉండదు, నాకూ ఉండదు. వాళ్లమ్మ పక్కనే ఉంటుందాయె. ఈ ఆటలో అయితే పని ఉంటుంది కదండీ. ఉప్పు ఎక్కించాలి, ఎండు చేపలు ఎక్కించాలి, గాలి చూసుకోవాలి. పనిలో పడితే మాటలు అవే వస్తాయి. స్కూల్లో ఎవరితో గొడవైందో, లెక్కల మాస్టారు ఏమన్నాడో, అన్నీ అందులోనే చెబుతుంది. అది కెప్టెను. నేను సరంగుని, అది చెప్పినట్టు పడవ తిప్పడమే నా పని."

చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. చల్లారిపోయిన టీ నేను ఒక్క గుక్కలో తాగేశాను.

"రెండుసార్లు పోయిందండీ సముద్రం. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి, నేనే ఆట మానిపించడానికి చెరిపేశానంది. పది రోజులు రాలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి మళ్లీ మొదలుపెట్టాం, మూడోసారి. ఈసారి పోతే ఇంక రాను డాడీ, అని ముందే చెప్పేసింది."

అప్పుడు ఉరిమింది. పెద్దదేమీ కాదు, మంగినపూడి వైపు ఎక్కడో సముద్రం మీద. టీ గ్లాసు కింద పెట్టబోతుంటే ఫ్యాను ఆగింది, ట్యూబులైటు ఆరింది, కంప్యూటర్ తెర నల్లబడింది.

"కరెంటు పోయిందా?"

"కరెంటు కాదండీ, మా అమ్మ" అన్నాడు జమీర్, తల పట్టుకుని.

నడవాలో ఆమినా బీ మెయిన్ స్విచ్చు కిందికి లాగి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"అమ్మీ, ఎన్నిసార్లు చెప్పాను? ఒక్క మాట చెప్పి తియ్యొచ్చుగా!"

"నీకు చెప్పి తీసేలోపు పిడుగు ఆగుతుందా? మీ పిన్ని వాళ్లింట్లో టీవీ పేలి కోడలి చెయ్యి కాలలేదూ? నీ సముద్రం పోతే ఇంకోటి కట్టుకుంటావు. కొంప పోతే ఎవడిస్తాడురా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఉరిమితే మెయిన్ తియ్యరా మీ ఇంట్లో?"

తీస్తాం. మా ఇంట్లో ఉరుము వినబడితే మొదట లేచేది నేనే. మా అమ్మ తీసేది, మా అమ్మమ్మ తీసేది, ఈ కృష్ణా జిల్లాలో సగం కొంపలు తొలి ఉరుముకే చీకటైపోతాయి. మెయిన్ కట్టేసి, అరుగు మీద కూర్చుని, నా ల్యాప్‌టాప్‌లో ఇదే సర్వర్‌ని ఎన్నిసార్లు పరీక్షించానో. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది. నాకేమీ కాలేదు. ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాడు ఈ సంగతి మరిచిపోయాడంటే అర్థముంది. ఉరుముకి మెయిన్ తీసే చేత్తోనే ఆ ప్రోగ్రాము రాసిన నాకు తట్టలేదు. పైగా కరెంటు తీసెయ్యకండి అని ఈ మనిషికి రెండుసార్లు నీతులు చెప్పాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

"యూపీఎస్ లేదా?"

"బ్యాటరీ చచ్చిపోయిందండీ."

ఉరుములు రెండు మూడు వచ్చి, వాన నాలుగు చినుకులు రాల్చి, మబ్బు పెడన వైపు జరిగిపోయింది. ఆమినా బీ ఆకాశం చూసి, తనకు నమ్మకం కుదిరాక, మెయిన్ ఎత్తింది. జమీర్ కంప్యూటర్ ఆన్ చేశాడు. ఆ పాత యంత్రం మూలుగుతూ లేచింది. అతని చెయ్యి అలవాటుగా లంగరు బొమ్మ మీదికి వెళ్లింది.

"ఆగండి!" అని అరిచాను. వీధిలో వెళ్లేవాళ్లు కూడా తిరిగి చూశారు. "అది ముట్టుకోకండి. ముందు నన్ను చూడనివ్వండి."

అతని కుర్చీలో కూర్చుని, సముద్రం దాచే ఫోల్డరు తెరిచాను. ఉండాల్సిన ఫైలు లేదు.

జమీర్ నా భుజం మీదుగా చూస్తున్నాడు. అతని ఊపిరి వినబడుతోంది.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. సర్వర్ మధ్యమధ్య సముద్రాన్ని దాస్తుంటుంది. కొత్త నకలు వేరే పేరుతో రాసి, తర్వాత పాతదాని స్థానంలో పెట్టాలి. లినక్స్‌లో అది ఒక్క ఊపులో అయిపోతుంది. విండోస్‌లో మాటిమాటికీ మొరాయిస్తుంటే, ఎప్పుడో ఓపిక లేని రోజున నేనొక అడ్డదారి రాశాను. ముందు పాతది చెరిపెయ్, తర్వాత కొత్తదానికి దాని పేరు పెట్టు. రెండింటికీ మధ్య రెప్పపాటే కదా అనుకున్నాను. నా యంత్రంలో రెప్పపాటే. ఈ ముసలి యంత్రంలో, వైరస్‌ల కాపలా ప్రోగ్రాము ఒకటి ప్రతి కొత్త ఫైలునీ పట్టుకుని తీరిగ్గా తడిమి చూస్తుంది. అది వదిలేదాకా పేరు మార్చడం కుదరదు. అంతసేపూ పాతది చచ్చి, కొత్తది పుట్టకుండా ఉంటుంది. సరిగ్గా అప్పుడు ఆమినా బీ మెయిన్ తీసిందో, అంతే. తర్వాత సర్వర్ మళ్లీ లేచి, సముద్రం లేదే అనుకుని, మిగిలిన చెత్తంతా ఊడ్చేసి ఖాళీ సముద్రం ఒకటి కొత్తగా పరుస్తుంది. ఆ ఊడ్చే చీపురు కూడా నేనే పెట్టాను, శుభ్రంగా ఉంటుందని.

ఈసారి ఇంకా ఊడవలేదు. ఫోల్డరు అడుగున, ఏదో చెత్తపేరుతో, ఆ కొత్త నకలు ఉంది. ముందు దాన్ని నా పెన్‌డ్రైవులోకి ఒక కాపీ తీశాను. తర్వాత పేరు మార్చాను.

"ఇప్పుడు నొక్కండి" అన్నాను.

జమీర్ నొక్కాడు. తెర మీద నీళ్లు వచ్చాయి, తర్వాత రేవు వచ్చింది, తర్వాత గోదాములు. రేవులో ఒక ఎర్ర తెరచాప పడవ ఊగుతోంది. జమీర్ మొహం పక్కకు తిప్పుకుని, కార్డుల నమూనాలు సర్దుతున్నట్టు నటించాడు. నేను కూడా చూడనట్టే ఉన్నాను.

తర్వాత అక్కడే కూర్చుని అడ్డదారి పీకేశాను. పాతదాన్ని చెరపకుండా పక్కన పెట్టాలి. కొత్తది సరిగ్గా కూర్చున్నాకే పాతది పోవాలి. లేచేటప్పుడు సముద్రం కనబడకపోతే ఊడవడానికి ముందు పక్కన చూడాలి. పెద్ద విద్యేమీ కాదు, ఏనాడో చెయ్యాల్సింది. సర్వర్ సిద్ధం చేసి అతని యంత్రంలో వేశాను. ఆమినా బీని పిలిచి మెయిన్ తియ్యమన్నాను. ఉరమకుండా ఎందుకంది. ఊరికే తియ్యమన్నాను. నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి తీసింది. మళ్లీ ఎత్తమన్నాను. అలా చాలాసార్లు తీయించాను. సముద్రం కదలలేదు. "ఈ పిల్లకి ఏమైందిరా జమీరూ?" అని ఆవిడ కొడుకుని అడిగింది.

అయిదు దాటాక ఆలియా వచ్చింది. వచ్చిందంటే, నాగాయలంకలో ఫోన్ తెరిచింది. ఎర్ర తెరచాప పడవ మీద బుల్లి బొమ్మ ఒకటి నిలబడింది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పడింది.

"డాడీ ఇక్కడ ఉరుములు. అక్కడ కూడానా?"

"ఇక్కడ కూడా కెప్టెన్" అని కొట్టాడు జమీర్.

"దాదీ మెయిన్ తీసిందా?"

"తీసింది."

బుల్లి బొమ్మ పడవంతా ఒకసారి తిరిగి చూసింది.

"మరి పడవ ఉందే?"

"ఉంది. ఇంక పోదు. గుడివాడ నుంచి మేడం వచ్చి బాగుచేశారు."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే తాడు విప్పు. ఉప్పు ఎక్కించి చీకటి పడకముందే వెళ్లిపోవాలి. ఇవాళ స్కూల్లో ఏమైందో తెలుసా…"

ఇక నేను లేనట్టే. జమీర్ తాడు విప్పాడు, చుక్కాని తిప్పాడు, మధ్యమధ్య "అబ్బో", "అవునా", "మరి నువ్వేమన్నావ్" అని కొడుతున్నాడు. అవతల ఆ పిల్ల ఎవరో బల్ల మీద కూర్చోనివ్వని సంగతి పేజీలకు పేజీలు చెప్పుకుపోతోంది. నేను గోడకానుకుని చూస్తూ కూర్చున్నాను. ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నానో, ఇది దేనికి పనికొస్తుందో కళ్లారా చూడ్డం ఇదే మొదలు. సంతోషం వేసింది. దాని వెనకే భయం వేసింది. ఎందుకంటే నా ల్యాప్‌టాప్‌లో ఆ ప్రకటన పంపడానికి సిద్ధంగా ఉంది.

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. మర్యాదగా ఇంగ్లీషులో అందరితోపాటు అతనూ చదువుకుంటాడు. కానీ ఆ టీ తాగాను కదా. పాప అన్నానికి వెళ్లాక చెప్పాను.

"జమీర్‌గారూ, ఒక సంగతి. విండోస్‌కి ఇదే ఆఖరి విడుదల. ఇకముందు దాన్ని చూడ్డం మానేస్తున్నాను. చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. నాకు ఓపిక లేదండీ, నిజంగా లేదు."

బతిమాలతాడనుకున్నాను. బతిమాలితే కోప్పడడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. అతను తలూపాడు.

"మీరు ఊరికే చేస్తున్నారు కదండీ. ఎన్నాళ్లని చేస్తారు." తర్వాత అడిగాడు, "ఇప్పుడు వేసింది పనిచెయ్యదా మరి?"

"చేస్తుంది. ఫోన్లో ఆట మారనంతకాలం చేస్తుంది. ఫోన్లు తయారుచేసేవాళ్లు ఏదో ఒకరోజు పద్ధతి మారుస్తారు, దాంతో ఆటనీ మార్చాల్సొస్తుంది. అప్పుడు పాప ఫోన్ నుంచి మీ సర్వర్‌కి రావడం కుదరదు."

"ఎన్నాళ్లండీ, సుమారుగా?"

"ఏడాది. అదృష్టం బాగుంటే ఇంకొంచెం."

జమీర్ వేళ్ల మీద ఏదో చూసుకున్నాడు. మొహంలో బెంగ లేదు. పెళ్లి కార్డులు ఎప్పటికిస్తావని అడిగిన పార్టీకి చెప్పినట్టు చెప్పాడు.

"ఏడాదంటే చాలండీ. ఇప్పుడు ఏడో తరగతి. వచ్చే ఏడు ఎనిమిదిలోకొస్తుంది. అప్పటికి దానికే నాతో ఆడబుద్ధి కాదు. ఆ వయసుకి స్నేహితులుంటారు, వాళ్లతోనే లోకం. డాడీ అంటే విసుగొస్తుంది. సహజమే కదండీ అది. సర్వర్ పోయిందని దానికి తెలియను కూడా తెలియదు."

మా సాఫ్టువేరుకి ఫలానా తేదీతో మద్దతు ముగుస్తుందని ఎన్నిసార్లు రాశానో. తన కూతురు తనతో ఆడే కాలానికి తేదీ వేసుకుని, దానికి నా తేదీ సరిపోయిందని తృప్తిపడ్డ మనిషిని అదే మొదటిసారి చూడ్డం. సంచి సర్దుకుని లేచాను. ఆమినా బీ ఆవకాయ సీసా ఒకటి సంచిలో కుక్కింది. వద్దన్నా వినలేదు.

బస్సులో గుడివాడ దాకా కోపంగానే ఉన్నాను. ఎవరి మీదో తెలియదు. అతను ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే కాదని చెప్పి హాయిగా నిద్రపోయేదాన్ని.

మర్నాడు ఆదివారం. ప్రకటన తీసి, చివర వాక్యం చెరిపేసి, 'విండోస్‌కి మరో రెండేళ్లు మద్దతు ఉంటుంది, బాధ్యత నాది' అని రాసి గుంపులో పెట్టాను. కాఫీ తాగి వచ్చేలోపు సుధన్వ ఫోన్.

"మేడమ్, ఇదేంటండీ? వదిలేద్దామన్నదీ మీరే, వద్దంటున్నదీ మీరే. ఆరోగ్యం పాడైపోతుందని మొన్నేగా అన్నారు?"

"పాడైపోతుంది. అయినా రాశాను."

"పోనీ రెండేళ్లే ఎందుకండీ? గుంపులో అడుగుతారు, ఆ తేదీ ఎక్కణ్ణుంచి వచ్చిందని."

"బందరులో ఒకాయన ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి కూతురికి తనతో ఆడబుద్ధి కాదని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క నాకు నచ్చలేదు. ఇంకో ఏడాది కలిపాను."

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది, వాడు ఆ తేదీ రాసుకుంటున్నట్టున్నాడు.

"మేడమ్" అన్నాడు, "రెండేళ్లయ్యాక కూడా ఆ పిల్ల వాళ్ల నాన్నతోనే ఆడతానంటే?"

"అదే జరిగితే నా అంత సంతోషించేవాళ్లు ఉండర్రా" అన్నాను. "నా అంత ఏడ్చేవాళ్లూ ఉండరు."